బాపు అద్దం అడిగిన పొద్దు

మా బాపు నలభై ఏండ్లు బట్టలు నేసే సాంచె నడిపిండు. గా మోతల పనిచేసి చేసి, ఇంట్ల గూడ గట్టిగనే మాట్లాడెటోడు. దవడకు కేన్సర్ వచ్చినంక నొప్పికి మాటనే తగ్గిపోయింది. హైదరాబాద్‌ల డాక్టర్లు ఇగ మందు లేదు, ఇంటికి తీస్కపొమ్మన్నరు. నన్ను కన్న అవ్వకు తోడుగ నేను లక్సెట్టిపేట నుంచి, ఆరేండ్ల నా బిడ్డను తీస్కొని పుట్టింటికొచ్చిన.

నొప్పి కన్న చెంప మీది పుండు వాసననే బాపును ఎక్కువ బాధపెట్టింది. మనుమరాలు దగ్గరికొస్తే మొఖం గోడకు తిప్పుకునేటోడు.

గప్పుడు కరీంనగర్ సర్కారు దవాఖాన నుంచి, రోగులను ఇంటికాడనే చూసే వ్యాన్‌ల ఒక సిస్టర్ వచ్చింది. ముస్లింల పిల్ల, ముప్పై ఏండ్లుంటయేమో. మంచం పక్కన కింద కూసుండి, మమ్ముల గాదు, బాపునే అడిగింది.

"కాకా, నొప్పి పదిట్ల ఎంతుంది?"

బాపు పది వేళ్లు చూపెట్టి, మళ్ల రెండు చూపెట్టిండు. ఆమె నవ్వలే. రాసుకున్నది.

నొప్పికి మార్ఫిన్ గోలీలిచ్చింది. అలవాటు పడ్తడేమోనని నేను భయపడ్డ.

"చెప్పినంతనే ఏస్తే ఏం గాదక్కా, ఫికర్ చేయకు. దొడ్డికి గట్టిగైతది, దానికిచ్చిన మందు మాత్రం మర్వకు."

పుండు కడిగి, వాసనకు వేరే గోలీ ఒకటి పొడి చేసి చల్లింది. రోజూ ఎట్ల చేయాల్నో నాకు నేర్పింది. వారం తిరిగేసరికి వాసన చానా తగ్గింది. బాపు కంటినిండ నిద్రపోవుడు మొదలైంది.

రెండోసారి ఆమె వచ్చినప్పుడు బాపు మెల్లగ అడిగిండు. "బిడ్డా, నేను మంచిగైతనా?"

డాక్టర్ల మాట మేము బాపుకు చెప్పనే లే.

"నీకేమనిపిస్తుంది కాకా?" అన్నది సిస్టర్.

"కానని నాకెర్కే. వీళ్లు ఏడుస్తరని అడుగలే."

అవ్వ వచ్చి మంచం పట్టె మీద కూసున్నది. "నువ్వు ఏడుస్తవని మేం చెప్పలే" అన్నది. ఇద్దరు ఒకల చెయ్యి ఒకలు పట్టుకొని ఏడ్చిండ్రు. జరసేపటికి సిస్టర్, "ఇప్పుడు నీకేం కావాల్నో చెప్పు కాకా" అన్నది.

"గడ్డం గీయాలె."

పుండుకు భయపడి రెండు నెలల సంది మేమెవ్వరం ముట్టలే. ఆమె చేతులకు గ్లౌజులేస్కొని, పుండును తప్పించుకుంట నిమ్మళంగ గీసింది. బాపు అద్దం అడిగిండు. చూస్కొని, నా బిడ్డను కేకేసిండు. పిల్ల పక్కన కూసుండి బాగున్న చెంపను తడిమి, "తాతా, నున్నగుంది" అన్నది.

ఆ తర్వాత నెలన్నర బాపు మాతోటి ఉన్నడు. అవ్వతోటి పొద్దంత ముచ్చట పెట్టెటోడు. ఒకనాడు పొద్దుగాల అవ్వ చెయ్యి పట్టుకొనే పోయిండు.

ఇగ సిస్టర్‌కు మా ఇంటితో పనేముంటది అనుకున్నం. పెద్దకర్మ అయిన వారానికి వచ్చింది. మందుల సంచి లేదు. "చిన్నమ్మా, నిద్ర పడ్తుందా? తింటున్నవా?" అని అవ్వనడిగింది. అవ్వ ఆమెకు చాయ్ పోసి, బాపు ముచ్చట్లు చెప్పుకుంట చానసేపు కూసోబెట్టుకున్నది.