నా పుంజు ఈక, మా కాశయ్య గాలం

నా పుంజు మెడ బోసిగ అయితుంటె మొదలు గద్ద మీద అనుమానపడ్డ. గద్దయితె పుంజునే ఎత్తుకపోతది గాని ఈకలు ఏరుకొని పోతదా? తర్వాత పక్కింటోళ్ల పిల్లిని తిట్టిన. పిల్లికి తగలని తిట్లు పక్కింటోళ్లకు తగిలినయి, అది వేరే సంగతి. ఆఖరికి దొరికిన దొంగ ఎవడంటె నా సొంత తమ్ముడు కాశయ్య. ఒక పొద్దుగాల నేను చాయ్ పెట్టుకొని బయటికొస్తె, వాడు పుంజును చంకల ఇరికించుకొని, జొన్నలు తినిపిచ్చుకుంట, ముద్దు చేసుకుంట, ఎడమ చేత్తోని మెడ మీది ఈకలు పీకుతుండు.

"ఏం రా, దూది దొరకక దిండు కుట్టుకుంటున్నవా?" అన్న.

వాడు ఉలిక్కిపడలే. వానికి ఆ అలవాటు లేదు. "రంగు మంచిగుందక్కా. ఎర్రది, అంచుకు నల్లది. గిసొంటిది బజార్ల దొర్కది," అన్నడు.

కాశయ్య సంగతి చెప్పాల్నంటె చెరువు సంగతి చెప్పాలె. మాది ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు మీద బతికిన ఇల్లు. మా బాపు, బాపును కన్నోడు, అందరు వల ఇసిరినోళ్లే. మా ఇండ్లల్ల గాలం పట్టరు. గాలమంటె బడి ఎగ్గొట్టిన పోరగాండ్లు, పనిలేని ముసలోళ్లు గట్టు మీద కూసుండి పట్టేది. చాప వచ్చి కొరికేదాక కాళ్లు ఊపుకుంట కూసునుడు గూడ ఒక పనేనా అని మా బాపు తుపుక్కున ఊసేటోడు. మొగోడంటె నీళ్లల్లకు దిగి వల ఇసరాలె.

కాశయ్యకు మీసాలు మొలిచే యాళ్లకు చెరువు ఎండింది. ఒక ఏడు రెండేండ్లు కాదు, ఏండ్లకేండ్లు. అందరు వలలు దూలానికి వేలాడదీసి కూలికి పోయిన్రు, మేస్త్రి పనికి పోయిన్రు. వీడు గూడ కూలికే పోయిండు. కాని పొద్దు వంగంగనే వల భుజాన ఏసుకొని ఎండిన చెరువులకు దిగేటోడు. పగుళ్లు బాసిన మట్టి మీద నిలవడి, నడుము తిప్పి, ఇసిరేటోడు. వల గుండ్రంగ ఇచ్చుకొని, అంచుకున్న సీసం గుండ్లు టపటపమని నేల మీద పడేటియి. అండ్ల ఏం పడ్డదయ్యా అంటె తుమ్మ ముండ్లు, చిరిగిన చెప్పులు, ఒకసారి మేక పిల్ల. మేక పిల్ల పడ్డనాడు ఊరు కడుపు పట్టుకొని నవ్వింది. వీడు మేకను ఇడిపిచ్చి, ముండ్లు ఏరుకొని, మళ్ల ఇసిరిండు. వాని పెండ్లాం యశోదను మా ఇంటికి ఇచ్చేముందు వాళ్లోళ్లు నన్ను పక్కకు పిలిచి అడిగిన్రు, పిల్లగానికి తలకాయ మంచిగనే ఉన్నదా అని. తలకాయకు నేను పూచీ లేను గాని చెయ్యి మాత్రం బంగారమని చెప్పిన. ఎందుకురా నీకీ ఎండల ఆట అని అడిగితె వాడు చెప్పేది ఒక్కటే మాట.

"చెయ్యి మర్శిపోతదక్కా."

కొన్నేండ్ల కింద వానలు దంచి కొట్టి చెరువు నిండింది, మత్తడి మీదికెల్లి నీళ్లు దుంకినయి. అందరు వలలు దింపి చూస్తె సగం ఎలుకలు కొరికినయి, మిగిలిన సగం ఇసరనీకి చేతులు రాలే. మావోని చెయ్యి మాత్రం నిన్న ఇడిసిన పనిని ఇయ్యాల పట్టుకున్నట్టు పట్టుకున్నది. వాడు ఇసిరిన వల నీళ్ల మీద పళ్లెం లెక్క పడుతుంటె చూడనీకి జనం కట్ట మీద నిలవడ్డరు. నేను గూడ నిలవడ్డ, నాకేం తెల్వనట్టు. మా తమ్ముడని ఎవరికన్న చెప్పాల్నా? మొఖం చూస్తె తెల్వదా?

ఆ భోగం ఎక్కువ దినాలు ఉండలే. ఒకనాడు పొద్దుగాల చాయ్ గ్లాసు చేతిలకెల్లి జారింది. దవాఖానల పక్షవాతమన్నరు. కాలు మెల్లగ తిరిగొచ్చింది. కుడి చెయ్యి మాత్రం ఎవరిదో అరువు తెచ్చి కట్టినట్టు ఒళ్లె పండుకున్నది. దవాఖానోళ్లు పిసుకుమని ఒక రబ్బరు బంతి ఇచ్చిన్రు. వాడు దాన్ని గల్లిల కుక్కకు ఇసిరిండు, అది గూడ ఎడమ చేత్తోని. ఇగ వల ఏడ ఇసురుతడు? తుర్కయాంజాల్ తొవ్వల ఒక వెంచర్ల వాచ్‌మన్‌గ కుదిరిండు. ప్లాట్లకు పాతిన రాళ్లను చూసుకుంట కూసునుడు. నీళ్ల మాట వాని నోట్లకెల్లి రాకుంట అయింది.

ఆ వెంచర్ల రఘునందన్ సారుకు ఒక ప్లాటుంది. బ్యాంకుల పెద్ద నౌకరి చేసి రిటైరైనాయన. ఇల్లు కట్టుకుంటడనుకుంటె ఆయన పొద్దుగాల్నే కారుల వచ్చి, ఖాళీ గడ్డిల నిలవడి, సన్నని పొడుగు కట్టె ఒకటి పట్టుకొని, పసుపుపచ్చ దారాన్ని ఎనకకు ముందుకు ఆడిస్తడట. దారం గాలిల మెలిక తిరిగి పోయి గడ్డి మీద సక్కగ పడ్తదట. చుట్టుముట్టు నీళ్ల సుక్క లేదు. మట్టి పని చేసే కూలోళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్విన్రట. మా కాశయ్య నవ్వలే. కుర్చీ తెచ్చుకొని దగ్గరికి కూసున్నడు. కొన్ని దినాలు చూసి, మెల్లగ అడిగిండట, నీళ్లు ఎన్నడొస్తయి సారు అని. ఎండకాలం మొదట్ల పోతున్నం, అందాక చెయ్యి మర్వకుంట చేసుకుంటున్న అన్నడట ఆయన.

ఆ మాట ఇన్నంక ఇద్దరు దోస్తులు గాకుంటె ఏమైతరు?

ఆయన పోయేది ఉత్తరాఖండ్ కొండల్లకు. రైలు దిగి కారు, కారు దిగి నడక. అడివి నడుమ, ఏటి ఒడ్డుకు కట్టె ఇల్లు. ఫోను మోగదు. దినమంత ఏట్ల నిలవడి చాపలు పట్టించెతందుకు ఒక మనిషిని తోడిస్తరు. గాలానికి గుచ్చనీకి ఎర్ర ఉండది, పిండి ఉండది. ముల్లుకు ఈక, దారం చుట్టి ఈగ లెక్క చేస్తరు. చాప ఈగనుకొని ఎగిరి కొరుకుతది. సారు ఇద్దరికి పైసలు గట్టి పెట్టుకుంటె ఆయన దోస్తు రానన్నడు. నువ్వు రా కాశయ్యా అన్నడు. నాకు చెయ్యి లేదు సారు అని వీడు. ఆయన ఆ కట్టెను వీని కుడి చేతుల పెట్టి, మణికట్టుకు దస్తి చుట్టి ముడేసిండట.

పుంజు కాడ దొరికిననాడు ఇదంత నాకు చెప్పి, ఆఖరికి అన్నడు: "కట్టెకు బరువే లేదక్కా, చీపురు పుల్ల లెక్కుంది. ఒక్క చాప గుంజితె చాలు. ఈ చెయ్యి బతికున్నదో సచ్చిందో నాకు ఎర్కైతది."

నేను చానా మాటలు అన్న. కాలు జారితె ఆ కొండల్ల నిన్నెవడు మోస్తడన్న. సలికి మూతి వంకర పోతదన్న. అన్నీ అన్నంక పుంజును పట్టి వాని ఒళ్లె పెట్టిన. ఏం జేస్త?

ఇగ మా ఇంట్ల తయారి మొదలైంది. వాడు ముల్లును కుడి చేతి వేళ్ల నడుమ ఇరికించి ఎడమ చేత్తోని దారం చుడతడు. జారుతది, తిడతడు, మళ్ల చుడతడు. వలలు అల్లిన వేళ్లకు ముడి కొత్త గాదు గద. రబ్బరు బంతికి లొంగని చెయ్యి నా పుంజు ఈకకు లొంగబట్టింది. యశోద ఆమె తయారి ఆమె చేసుకుంది. మొగడు పట్టే చాపలకు అక్కడ పులుసు ఎవరు పెడ్తరని చింతపండు, కారప్పొడి, ఎల్లిగడ్డలు, ఆఖరికి వండే మట్టి చిప్ప గూడ మూట గట్టింది. మట్టి చిప్ప రైల్ల పగుల్తది పిల్లా అంటె, ఒళ్లె పెట్టుకొని పోతడు వదినె అన్నది.

ఒక్కటే తిప్పలు. మా వాడల ఎవ్వరికి తెల్వొద్దు. వల కాశయ్య గాలం పట్టనీకి పోతుండంటె ఇంకేమన్న ఉన్నదా? ఏడికి పోతున్నరని బుగ్గయ్య అడిగితె మావోడు నోరు తెరిచేలోపల కాశికని నేనే చెప్పిన. అబద్ధం ఏం గాదు. ఆ ఏరు దిగుకుంట దిగుకుంట గంగల కలుస్తదని సారు చెప్పిండు. బుగ్గయ్య మావోనితోని ఒక్క ఈడు, చిన్నప్పటికెల్లి చెరువుల కలిసి మునిగినోడు. గంగ నీళ్లు తెమ్మని సీసా తెచ్చిచ్చి, అడ్డం తిరిగి అడిగిండు, కాశికి పోతె ఇష్టమైంది ఒకటి అక్కడ ఇడిసి రావాలె, నువ్వేం ఇడుస్తవ్ రా అని. కాశయ్య సీసాకెల్లి చూసుకుంట, ఇంక అనుకోలే అన్నడు.

పోయే దినం దగ్గర పడ్డంక సారు మా ఇంట్ల ఉండంగ ఆయనకు ఆ కొండల్లకెల్లి ఫోనొచ్చింది. ఏట్ల తోడు నిలవడే మనిషి పేరు బాల్, ఆ కొండలోడే, ఫోను మోగే గుట్ట దాక ఎక్కొచ్చి చేసిండట. సారు ఫోను పెద్దగ పెట్టి మా అందరికి వినిపిచ్చిండు. మావోని హైదరాబాద్ ఉర్దూ ఆయనకు, ఆయన కొండ హిందీ మావోనికి, ఎట్లనో ఒకరిదొకరికి తెలిసింది. బాల్ రెండు మాటలు చెప్పిండు. పట్టిన చాపను తడి చేత్తోని పట్టుకొని మళ్ల ఏట్లనే ఇడవాలె, తినుడు లేదు. అది ఇన్న యశోద లేచిపోయి మూటలకెల్లి మట్టి చిప్ప తీసింది. రెండోది, గడ్డి మీద ఆడిన చెయ్యి వేరు, నీళ్ల మీద ఆడే చెయ్యి వేరు. చెయ్యి, కాలు బాగలేనోన్ని చూడకుంట నేను ఏట్ల దింప. నీళ్లల్ల నిలవడి ఇసిరిన వీడియో పంపున్రి, చూసినంకనే రమ్మంట. మంచిగ నిలవడకపోతె రావద్దు అన్నడు.

కటువుగనే చెప్పిండు. నాకు ఆ పిల్లగాడు నచ్చిండు.

మావోడు మాత్రం మెత్తబడ్డడు. నీళ్లంటె మా నీళ్లే ఉన్నయి, కట్ట దిగితె చెరువు. అండ్ల నిలవడి గాలం ఇసరాల్నా? తుక్కుగూడ దిక్కు పోయి ఏదన్న చెరువు చూద్దాం కాశయ్యా అని సారు అన్నడు. అక్కడ యశోద మేనమామలున్నరు. ఇంకో చెరువు పేరు చెప్పిండు. అక్కడ మా చిన్నాయన కొడుకులు. మా చుట్టాలు లేని చెరువు జిల్లాలనే లేదు. సారు నవ్విండు గాని వీడు నవ్వలే. కట్టెను మడిచి సంచిల పెట్టి సారుకు ఇచ్చేసిండు. ఇంకెవరినన్న తోల్కపోన్రి అని చెప్పి, పోయి అరుగు మీద కూసున్నడు. కుడి చెయ్యి మళ్ల ఒళ్లె పండుకున్నది.

నేను పోయి ముందల నిలవడ్డ.

"ఏం రా కాశిగా, నీళ్లు లేని చెరువుల వల ఇసిరిన్నాడు ఊరు నవ్వలేదా?"

"నవ్వింది."

"మేక పిల్లను పట్టిన్నాడు?"

వాడు ఎడమ చేత్తోని అరుగు గోకబట్టిండు.

"అప్పుడు రాని సిగ్గు నీళ్లుండంగ ఎందుకొస్తుంది రా? ఆ ఏండ్లన్ని ఇసిరి ఇంటికేం తెచ్చినవ్? ఒక్క పరక చాప తెచ్చినవా? నేను అడిగిన్నా నిన్ను? లెవ్. నేనొస్త. ఎవడు నవ్వుతడో నేను చూస్త."

వాడు ఎమ్మటే లేవలే. చాయ్ తాగిండు, బీడి తాగిండు. పొద్దు వంగినంక లేచి లుంగీ ఎగ్గట్టిండు.

నేను అనుకున్నట్టే జనం జమైన్రు. చెరువుల కాశయ్య పసుపు దారం ఆడిస్తున్నడంటె ఎవరుంటరు ఇంట్ల? వాడు మోకాళ్ల దాక దిగిండు. పక్కకు యశోద, చీర తడిస్తె తడిసిందని, వాని నడుము కాడ లుంగీ పట్టుకొని నిలవడ్డది. సారు కట్టెను మళ్ల వాని కుడి చేతికి దస్తితోని కట్టి, ఒడ్డు మీదికెల్లి ఫోను పట్టిండు. మొదటిసారి దారం వాని మెడకే చుట్టుకున్నది. కట్ట మీద నవ్విన్రు. నేను ఎనకకు తిరిగి ఒక్కొక్కని మొఖం చూసిన, అంతె. రెండోసారి యశోద కొంగుకు తట్టుకున్నది. తర్వాత ఎన్నిసార్లు ఇసిరిండో నేను లెక్కపెట్టలే. ఒకసారి మాత్రం దారం ఎనకకు పోయి, సక్కగ ఇచ్చుకొని, ముందలికి వచ్చి, నా పుంజు ఈక నీళ్ల మీద ఈగ వాలినట్టు వాలింది. వల ఇసిరేటప్పుడు వాని నడుము ఎట్ల తిరిగేదో అట్లనే తిరిగింది. అది మా వాడోళ్లందరికి ఎరుకే.

నీళ్లు బుడుక్కుమన్నయి. కట్టె కొస వంగింది. కాశయ్య దారం ఎనకకు గుంజలే, సారుకెల్లి చూడలే. వాని కుడి చేతికెల్లి చూసిండు. చాప గుంజుతుంటె ఆ చెయ్యి వణుకుతుంది, వణుకుతుంటె వాడు దాన్నే చూస్తుండు, పొత్తిళ్ల పిల్లను చూసినట్టు. యశోద మెల్లగ చెప్పింది, తియ్యయ్యా, పోతదని.

వచ్చింది ఏంది? అరచెయ్యంత జిలేబి చాప. మా ఇండ్లల్ల దాన్ని పిల్లికి ఏస్తరు. ఒకప్పుడు పెద్ద పెద్ద బొచ్చె చాపలు భుజం మీద మోసుకొచ్చినోడు ఆ జిలేబిని రెండు చేతులు తడుపుకొని పట్టుకున్నడు, ముల్లు తీసిండు, నీళ్లల్ల పెట్టి ఏళ్లు ఇప్పిండు. అది పోయింది.

కట్ట మీద గగ్గోలు లేసింది. చాపను ఇడుసుడేంది, వీనికి పక్షవాతం తలకాయకు గూడ కొట్టిందా అని ఎవడో అన్నడు. బుగ్గయ్య మాత్రం కిందికి దిగొచ్చి ఒడ్డుకు నిలవడ్డడు. వానికి సంగతి సగం అర్థమైంది.

"ఏందిరా, కాశికి పోకముందే ఇడుసుడు మొదలు పెట్టినవ్? చాపలు తినుడు ఇడుస్తున్నవా?"

"చాపలు కాదు రా," అన్నడు కాశయ్య నీళ్లల్లకెల్లి. "సిగ్గు ఇడిసిన. గాలం పట్టనీకి పోతున్న కొండల్లకు. కాశి లేదు, ఏం లేదు. మా అక్క చెప్పిన అబద్ధం."

అందరు నాకెల్లి చూసిన్రు. గంగల కలిసే ఏరేనని నేను గట్టిగనే చెప్పిన. బుగ్గయ్య చానాసేపు నవ్వి, ఏ ఏరైతేంది, సీసా నింపుకొనిరా అన్నడు. యశోదకు చెయ్యి అందిచ్చి ఒడ్డుకు గుంజింది గూడ వాడే.

వీడియో పోయింది. బాల్ దగ్గరికెల్లి జవాబు తెల్లారి వచ్చింది: కాలికి పట్టుండే చెప్పులు తెమ్మను, నడుము పట్టుకునే మనిషిని నేనున్న, వాళ్లమ్మను పరేషాన్ కావద్దను. అమ్మ గాదు, అక్క అని నేను సారుతోని తిరిగి చెప్పిచ్చిన.

ఆ రాత్రి జరిగింది ఒకటి చెప్తె అయిపోతది. బువ్వ తినేముందు చెయ్యి కడుక్కోమని యశోద చెంబు పెట్టింది. కాశయ్య ఎడమ చెయ్యి కడుక్కున్నడు. కుడి చెయ్యి కడగలే. దాన్ని ముక్కు కాడికి తెచ్చుకున్నడు, ఒళ్లె పెట్టుకున్నడు, మళ్ల తెచ్చుకున్నడు. ఎన్ని దినాలైందో ఆ చెయ్యి చాప వాసన ఎరగక. యశోద చెంబు పక్కకు జరిపింది.

బయటికొచ్చి చూస్తె పుంజు గోడ మీద ఉన్నది. మెడ మీద కొత్త ఈకలు మొలుస్తున్నయి, ఎర్రయి, అంచుకు నల్లయి. పట్టుకొచ్చి గంప కింద కమ్మి, పైన రోకలి పెట్టిన. వాడు పోయెదాక పుంజు అండ్లనే ఉంటది. తమ్ముడైతె తమ్ముడే గాని, కోడి కోడే.