ఏం తింటరని అడిగిన్రు

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. ఏ పూట బస్సులు నడుస్తాయో, ఏ పూట ఆగిపోతాయో డిపోవాళ్లకే తెలియదు. అయినా ఆగే వీల్లేదు. పత్తి చేనులో మా అక్క మార్తమ్మకు మళ్లీ ఫిట్స్ వచ్చాయి. నకిరేకల్ డాక్టరు తలకు స్కానింగ్ తీయించి, దిల్‌సుఖ్‌నగర్‌లో నరాల డాక్టరుకు చూపించమన్నాడు. పొద్దున్నే తొలి బస్సెక్కాం. నేను బడిపంతుల్ని కాబట్టి డాక్టరుతో మాట్లాడే పని నాదే.

చిట్యాల దాటాక పక్క సీటాయన అక్క ఒళ్లోని స్కానింగ్ కవరు చూసి సంగతి అడిగాడు. చెప్పాను.

"పంది కూర తింటరా? అది తినేటోళ్లకే మెదడుల పురుగులు పడ్తయట," అంటూ కాళ్లు కాస్త అవతలికి జరుపుకున్నాడు.

నా ముఖం వేడెక్కింది. క్రిస్మస్‌కైనా పెళ్లికైనా మా వాడలో అదే కూర. "మేం తినం," అన్నాను. ఆయన చౌటుప్పల్‌లో దిగాక అక్కకు మెల్లగా చెప్పాను.

"దవాఖానల గూడ గిదే చెప్పాలె."

"డాక్టర్ కాడ గూడ దాస్తరా తమ్మీ?"

"నీకు తెల్వదు. ఊకో."

తొమ్మిది కావస్తుండగా ఎల్బీనగర్‌లో దిగాం. రోడ్డు పక్క ఇడ్లీ తిని, షేర్ ఆటోలో కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ చేరాం. దవాఖాన బస్టాండు వెనక సందులో, మేడ మీద. హాల్లో మా పక్కన చంపాపేట నుంచి వచ్చిన తల్లీకూతుళ్లున్నారు. సొంతూరు తెనాలి అట, కూతురు డిగ్రీ చదువుతోంది. అక్క ఆయాసపడటం చూసి ఆ తల్లి నీళ్ల సీసా అందించింది. "ఎప్పుడనగా బయల్దేరారో, తాగండమ్మా."

అక్కడ తర్వాతి పేషెంట్లను కూడా లోపలే బెంచీ మీద కూర్చోబెడతారు. మా వంతు వచ్చినప్పుడు ఆ తల్లీకూతుళ్లు మా వెనకే ఉన్నారు.

డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి చూశాడు. "మెదడులో పురుగు తిత్తి ఉంది. మందులతో తగ్గుతుంది. పంది మాంసం తింటారా?"

"లేదండీ. అసలు ముట్టమండీ," అన్నాను. ఎన్నడూ లేని ఆ 'అండీ' నా నోటికి ఎక్కడినుంచి వచ్చిందో!

ఆయన అక్క వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా."

అక్క ఒకసారి నన్ను చూసి తల దించుకుంది. "తినం సారూ."

డాక్టరు మందులు రాయబోతుంటే వెనకనుంచి ఆ తల్లి అంది. "మా అమ్మాయికీ ఇదే జబ్బండీ. మేం కోడిగుడ్డు కూడా ముట్టం. ఎలా వచ్చిందో తెలియక ఎంత ఏడ్చానో."

డాక్టరు కలం ఆపాడు. "సరిగ్గా ఉడకని మాంసం తింటే పురుగు కడుపులో పెరుగుతుంది. దాని గుడ్లు మలంతో బయటికొచ్చి నీళ్లకీ, ఆకుకూరలకీ, చేతులకీ అంటుకుంటాయి. అవి ఎవరి కడుపులోకి పోయినా ఈ జబ్బు రావచ్చు. ఏం తినేవాళ్లయినా ఒకటే. మిమ్మల్ని అడిగింది తప్పుపట్టడానికి కాదు. మీ ఇంట్లో ఎవరి కడుపులోనైనా ఆ పురుగుంటే పిల్లలకీ ప్రమాదం."

అక్కకు ఇద్దరు పిల్లలు.

"తింటం సార్. నేనే అబద్ధం చెప్పిన. అక్కతోటి గూడ చెప్పించిన."

డాక్టరు మందులతో పాటు ఇంట్లో అందరికీ పరీక్షలు రాశాడు. ఆ తల్లి నా వైపు చూడకుండా కూతురి జడ సర్దుతూ కూర్చుంది. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నానికి ఎల్బీనగర్ వచ్చేసరికి బస్సులు ఆగిపోయాయి. నడిరోడ్డు మీద ఉద్యమకారుల వంటా వార్పు. ఇటుకల పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజులు, డప్పులు, పాటలు. అన్నం, పప్పుచారు వడ్డిస్తున్న ఒకామె మమ్మల్ని కేకేసింది. "నిలబడ్డరేంది? రాండ్రి, కూసోండ్రి! ఎవలైతేంది!"

నేను కూర్చున్నాను. అక్క కూర్చోలేదు. బంతిలో ఉన్నవాళ్లను ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసి, వంగి నా చెవిలో అడిగింది.

"తమ్మీ, మనం గిక్కడ కూసోవచ్చా? ఎవలన్న ఏమన్న అంటరా?"

యాభై మందిలో ఉన్నా ఎవరికీ జంకని మనిషి మా అక్క. చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. పక్కవాళ్లకు తగలకుండా మోచేతులు దగ్గరికి ముడుచుకుని తిన్నది.

సాయంత్రం బస్సు దొరికింది. హయత్‌నగర్ దాటకముందే అక్క నా భుజం మీద నిద్రపోయింది. ఆ డాక్టరు మంచివాడు, ఆ మందులతోనే ఫిట్స్ తగ్గాయి. ఎవరైనా ఆయన దగ్గరికి పోదలిస్తే ధైర్యంగా పోవచ్చు. అక్క మాత్రం ఇప్పటికీ ఎవరింట్లోనైనా కూర్చోమంటే, ముందు నా ముఖం చూస్తుంది.