బొట్టు పెట్టిన ఏనుగు

ఆ రోజుల్లో నాకు దిగులు పడటానికి ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు. కారణం దొరికితే ఇంకాస్త కుదురుగా పడేదాన్ని, అంతే. చదువు అయిపోయి మొదటి ఉద్యోగంలో చేరిన ఆ ఆరు నెలల్లో నేను అన్నం తిన్న రోజుల కంటే కెలికి లేచిపోయిన రోజులే ఎక్కువ. ఉద్యోగం ఏమంటే, రాజమండ్రి దాటాక హైవే పక్కన వెలిసిన ఒక థీమ్ పార్కులో, వచ్చినవాళ్ళని పలకరించి, ఎలా ఉందో కనుక్కుని, కాగితం మీద రాసుకోవడం. దానికి ఇంగ్లీషులో ఒక గొప్ప పేరు ఉండేది. నరసాపురంలో బడిపంతులుగా చేస్తున్న మా నాన్న ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు. "అంటే, బాగుందా అండీ అని అడగడమేగా? భోజనాల దగ్గర మీ అమ్మ రోజూ చేస్తున్నది అదేగదమ్మా," అన్నారు. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఆరు నెలలు చూస్తారు. ఉద్యోగం పర్మినెంటు అయితే సరేసరి, లేకపోతే నోరెత్తకుండా ఇంటికొచ్చి బి.ఎడ్.లో చేరాలి. నాకు టీచరు ఉద్యోగమంటే మహా భయం. (పిల్లలంటే కాదు. టీచరు బోర్డు వైపు తిరిగినప్పుడు వెనకాల ఏమేం జరుగుతాయో నాకు స్వయంగా తెలుసు, చాలావరకు చేసింది నేనే కాబట్టి.)

ఐదో నెలలో మా పార్కులో పిల్లల కోసం కొత్తగా ఒక విభాగం తెరిచారు. పడినా దెబ్బ తగలని మెత్తటి నేల, బుల్లి రైలు, రంగుల బంతుల తొట్టి, అన్నిటికీ నడుమ ఒక పెద్ద ఏనుగు. తోక దగ్గర మెట్లెక్కి, పొట్టలోంచి పాకి, గొట్టంలాంటి తొండంలోంచి జారి బయట పడాలి. ఎక్కడో దూరదేశంలో తయారై వచ్చిన ఏనుగది. బొజ్జ వేసుకుని, చేటంత చెవులతో, చిరునవ్వుతో కూర్చుని ఉండేది. లారీలోంచి దించేటప్పుడు కుడివైపు దంతం సగానికి విరిగింది. కొత్తది తెప్పించేలోగా ముహూర్తం దగ్గరపడింది. ఒక దంతం లేకపోతే పిల్లలు జారలేరా ఏంటని మా మేనేజరు గారు ప్రారంభోత్సవం కానిచ్చేశారు. ఆయన ప్రతి మాటకీ చివర 'అర్జంటు' అని తగిలించేవారు. అందుకని మేమంతా చాటుగా ఆయన్ని అర్జంటు గారు అనేవాళ్ళం.

ఇక అసలు తప్పు చేసింది నేను. మన వైపు కొత్త సైకిలు కొన్నా, ఫ్రిజ్జు కొన్నా, బోరుకి మోటారు బిగించినా పసుపు రాసి బొట్టు పెట్టందే స్విచ్చి వెయ్యం కదా. ప్రారంభం రోజు పంతులు గారు పూజ చేశాక అర్జంటు గారు కుంకుమ భరిణె నా చేతికిచ్చి, "మిషన్లన్నిటికీ పెట్టెయ్యమ్మా, అర్జంటు," అన్నారు. గేటుకి పెట్టాను. రైలింజనుకి పెట్టాను. టికెట్టు మిషనుకి పెట్టాను. వెనక్కి తిరిగి చూస్తే ఏనుగు నుదురు బోసిగా కనిపించింది. అందరికీ పెట్టి దానికి పెట్టకపోతే ఏం బాగుంటుందని నిచ్చెన తెప్పించుకుని ఎక్కి, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టి, మిగిలిన బంతిపూల దండ కూడా మెళ్ళో వేసి దిగాను. దిగి, దూరం నుంచి చూసుకుని మురిసిపోయాను కూడా.

మర్నాడు పొద్దున్నే మొదటి కుటుంబం వచ్చింది. ఏనుగుని చూడగానే తండ్రి ఆగి, చెప్పులు విడిచి, లెంపలు వేసుకున్నాడు. తల్లి పిల్లాడి చేతులు రెండూ పట్టుకుని దణ్ణం పెట్టించింది. వాడు తొండం వైపు గుంజుకుంటుంటే, "తప్పు నాన్నా, దేవుడి మీద కాలు పెడితే కళ్ళు పోతాయి," అని చంకనేసుకుని బంతుల తొట్టి వైపు నడిచింది. వాళ్ళ వెనకాల వచ్చినవాళ్ళు అక్కడ చెప్పులుండటం చూసి తామూ విడిచారు. మధ్యాహ్నానికల్లా ఏనుగు ముందు చెప్పులు రెండు వరసలయ్యాయి. సాయంత్రానికి ఎవరో రెండు అరటిపళ్ళు పెట్టి వెళ్ళారు. నేను కాగితం పట్టుకుని "ఎలా ఉందండీ?" అని అడిగినవాళ్ళంతా ఒకటే మాట: "చాలా బాగుందండి." మన గోదావరి జిల్లాల్లో ఎదటిమనిషి మొహం మీద ఇంకో మాట అనరు కదా. గుచ్చి గుచ్చి అడిగితే ఒకాయన, "ప్రశాంతంగా ఉందండి," అన్నారు. (పిల్లల ఆటస్థలం గురించి!) ఇంకొకావిడ, "దర్శనం బాగా జరిగిందమ్మా. ప్రసాదం కౌంటరు ఎటువైపండీ?" అని అడిగారు. అవన్నీ అక్షరం పొల్లు పోకుండా రాసి అర్జంటు గారికిచ్చాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు.

"వచ్చే ఆదివారం హెడ్డాఫీసు మేడమ్ వస్తున్నారు. ఆవిడ చూసేది జనం రియాక్షనే. పిల్లలు ఏనుగులోంచి జారాలి, నవ్వాలి, ఫోటో తియ్యాలి. నీ పర్మినెంటు ఫైలు కూడా ఆవిడ సంతకానికే వెళ్తుంది. ఇంతకీ ఆ బొట్టు ఎవరు పెట్టారమ్మా?" అన్నారు. మొదటిసారి ఆయన మాట చివర అర్జంటు రాలేదు.

ఆ వారమంతా నేను ఏనుగు పక్కనే నిలబడి, "దేవుడు కాదండి, జారుడుబల్లండి," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. "అయ్యో, అలా అనకూడదమ్మా, తప్పు," అని నాచేత కూడా లెంపలు వేయించారు. 'ఇది ఆట ఏనుగు. పదేళ్ళలోపు పిల్లలు ఎక్కవచ్చు' అని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి పెట్టాను. గంటలో దానికీ ఎవరో కుంకుమ పెట్టి వెళ్ళారు. శుక్రవారం పొద్దున్న, గేట్లు తెరవకముందే, తడిగుడ్డ పట్టుకుని నిచ్చెన ఎక్కాను. ఆ బొట్టు చెరిపేస్తే పీడా పోతుందని. కింద నిచ్చెన పట్టుకున్న సెక్యూరిటీ బాబాయి తల పైకెత్తి, "అమ్మాయిగారూ, ఆదివారం మీ ఉద్యోగం సంగతి తేలుద్దంట కదండీ. అలాంటి టైములో వినాయకుడి బొట్టు తుడుస్తారేంటండి?" అన్నాడు. "వినాయకుడు కాదు బాబాయ్!" అన్నానే గానీ, నా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. విరిగిన దంతం వైపు చూశాను. బొజ్జ వైపు చూశాను. ఆ నవ్వు నన్ను చూసే నవ్వుతున్నట్టు అనిపించింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ దాపరికం దేనికి, ఎండిపోయి రాలుతున్న ఆ బొట్టు మీద ఎందుకైనా మంచిదని కొత్తది పెట్టి దిగాను.

ఆదివారం పదకొండింటికి మేడమ్ కారు గేటు దాటిందని బాబాయి ఫోను చేశాడు. ఏనుగు ముందు జనం బాగానే ఉన్నారు. పైగా ఎవరూ చెప్పకుండానే లైను కట్టి, ఒక్కొక్కరే వచ్చి దణ్ణం పెట్టుకుని పక్కకి తప్పుకుంటున్నారు. అర్జంటు గారు చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చి, "ఒక్కళ్ళు... ఒక్క పిల్లని జారించమ్మా, నీకు పుణ్యముంటుంది, అర్జంటు," అన్నారు. నాకు కళ్ళ ముందు బి.ఎడ్. కాలేజీ గేటు కనిపించింది. లైనులో ముందున్న మామ్మగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తణుకు నుంచి మనవరాలిని తీసుకొచ్చారు. ఆరేళ్ళుంటాయేమో, ఆ పిల్ల రెండు జడలేసుకుని, రెప్ప వెయ్యకుండా తొండం వంకే చూస్తోంది.

"మామ్మగారూ, పాపని ఒక్కసారి ఎక్కించండి. ఏం కాదండి, ఇది వట్టి ఆటబొమ్మండి," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "ఆటబొమ్మయితే బొట్టెందుకు పెట్టారమ్మా? ఎవరు పెట్టారు?"

"నేనేనండి."

"మరి నువ్వు ఎక్కావా?"

"లేదండి."

"పెట్టినదానివి నువ్వే ఎక్కకుండా మా పిల్లని ఎక్కమంటావేంటమ్మా? బాగుందే! ముందు నువ్వెక్కి చూపించు. నీకేం కాలేదంటే అప్పుడు మా పిల్ల ఎక్కుద్ది."

లైనంతా "మరే, మరే" అంది. ఆవిడ మాటలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అటు చూస్తే మేడమ్ బుల్లి రైలు దగ్గరికి వచ్చేశారు. ఇక నేను ఏనుగు వెనక్కి వెళ్ళి, చెప్పులు విడిచి, తోక పట్టుకుని మనసులో ఇలా అనుకున్నాను: 'ఏనుగు గారూ, మీరు దేవుడైతే నా పరిస్థితి మీకు నేను చెప్పక్కర్లేదు. బొమ్మే అయితే అసలు గొడవే లేదు. ఎటైనా క్షమించండి.' (గారు ఎందుకన్నానంటే, మా ఇంట్లో తెలియనివాళ్ళని అలాగే పిలవడం అలవాటు.) మెట్లెక్కాను. పొట్టలో మోకాళ్ళ మీద పాకాను. కళ్ళు గట్టిగా మూసుకుని తొండంలోకి జారాను.

సగం దూరం బాగానే జారాను. ఆ తొండం పదేళ్ళలోపు పిల్లల కొలతలకి చేసింది. ఆ సంగతి పక్కనే బోర్డు మీద రాసి ఉంది. ఆ బోర్డు రాయించింది కూడా నేనే. వంపు దగ్గర నా చున్నీ, మెళ్ళో ఐడీ కార్డు, నేను, ముగ్గురం కలిసి ఇరుక్కుపోయాం. కదలలేక కళ్ళు తెరిచాను. ఏమీ కనిపించలేదు. మూసి మళ్ళీ తెరిచాను. చీకటి. గొట్టంలో చీకటిగా కాక మరెలా ఉంటుందని ఇప్పుడు తాపీగా అంటాను గానీ, వారం రోజులుగా 'కళ్ళు పోతాయి' అన్న మాట వందసార్లు విన్న మనిషికి ఆ క్షణంలో తోచింది ఒకటే. "అమ్మో! నా కళ్ళు! నా కళ్ళు పోయాయండీ బాబోయ్!" అని కేకపెట్టాను. ఆ కేక తొండంలోంచి మైకు పెట్టినట్టు బయటికి వెళ్ళిందట. బయటి నుంచి మామ్మగారి గొంతు స్పష్టంగా వినిపించింది: "నే చెప్పలా?"

లోపల నేను ఏడవడం మొదలుపెట్టాను. ఉద్యోగం పోయినందుకా, కళ్ళు పోయినందుకా అంటే చెప్పలేను. నాన్న మొహం గుర్తొచ్చింది. ఆయన ఏమీ అనరు, అదే బాధ. మా పిల్ల పార్కులో ఉద్యోగానికెళ్ళి గుడ్డిదైపోయిందని ఊళ్ళో ఎవరితోనూ చెప్పుకోలేరు కూడా. ఇంతలో వెనకాల పొట్టలో చిన్న చిన్న కాళ్ళు దబదబమని చప్పుడు చేశాయి. బయట మామ్మగారు "ఒసేయ్, ఆగవే!" అని అరుస్తున్నారు. మరుక్షణం రెండు అరికాళ్ళు వచ్చి నా వీపు మీద తగిలాయి. చున్నీ పర్రున చిరిగింది. ముందు నేను, నా మీద రెండు జడల పిల్ల, తొండంలోంచి ఊడిపడి మెత్తటి నేల మీద దొర్లుకుంటూ వెళ్ళి ఒక జత నల్లబూట్ల ముందు ఆగాం. బూట్లు మంచి పాలిషులో ఉన్నాయి. అవి కనిపించాయి కాబట్టి కళ్ళున్నాయని తెలిసింది. అవి హెడ్డాఫీసు మేడమ్ బూట్లు.

ఆ పిల్ల లేచి, కళ్ళు రెండూ పెద్దవి చేసి అటూ ఇటూ చూసుకుని, "మామ్మా! నా కళ్ళున్నాయే! మళ్ళీ ఎక్కుతా!" అని తోక వైపు పరిగెత్తింది. అంతే, లైను చెదిరిపోయింది. వారం రోజులుగా దణ్ణాలు పెట్టి పెట్టి విసిగిపోయిన పిల్లలంతా తల్లుల చేతులు విడిపించుకుని మెట్ల మీద పడ్డారు. మామ్మగారు మాత్రం ఒక్కొక్కళ్ళనీ తోక దగ్గర ఆపి, "దణ్ణం పెట్టుకుని ఎక్కండ్రా! ఊరికే ఎక్కకూడదు!" అని తానే పర్యవేక్షణ మొదలుపెట్టారు. ఆ రోజు ఆవిడ పెట్టిన పద్ధతే తర్వాత స్థిరపడిపోయింది. చెప్పులు విడవాలి, దణ్ణం పెట్టుకోవాలి, జారాలి. పెద్దవాళ్ళకి దర్శనమూ అయింది, పిల్లలకి ఆటా అయింది.

మేడమ్ నా వైపు వంగారు. ఒంటి మీద చిరిగిన చున్నీ, మొహమంతా కాటుక, కాళ్ళకి చెప్పుల్లేవు. "ఎలా ఉంది?" అని అడిగారు. ఆ ప్రశ్న ఐదు నెలలుగా నేను వేలమందిని అడిగాను, నన్ను ఎవరూ అడగలేదు. నేను కింద కూర్చునే చేతులు కట్టుకుని, "చాలా బాగుందండి," అన్నాను. ఆవిడ నవ్వాపుకోలేక అటు తిరిగి, కాగితం మీద ఏదో రాసుకున్నారు.

పది రోజులకి నాకు రెండు కాగితాలొచ్చాయి. ఒకటి ఉద్యోగం పర్మినెంటు అయినట్టు. రెండోది, ఇకమీదట సిబ్బంది ఎవరూ ఏనుగు ఎక్కరాదని. నాన్నకి ఫోనులో రెండూ చదివి వినిపించాను. ఆయన అంతా విని, "దెబ్బలేం తగల్లేదుగదమ్మా?" అన్నారు. అంతకు మించి ఆయన ఆ ఉద్యోగం గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు.

మొన్న వేసవిలో మా అమ్మాయిని తీసుకుని అక్కడికి వెళ్ళాను. నేను ఆ ఉద్యోగం వదిలి చాలా ఏళ్ళయింది, నన్ను గుర్తుపట్టేవాళ్ళెవరూ లేరు. ఏనుగుకి కొత్త రంగు వేశారు, దంతం అతికించారు. నుదురు మాత్రం బోసిగా ఉంది. అటూ ఇటూ చూసి, నా నుదుటి మీది స్టిక్కరు తీసి, అందినంత ఎత్తులో చెవి పక్కన అంటించాను. ఇంతలో మా అమ్మాయి తొండంలోంచి జారి వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. "అమ్మా, నువ్వెప్పుడైనా ఎక్కావా ఇది?" అని అడిగింది.

"ఒకే ఒక్కసారి."

"ఎలా ఉంది?"

నోటిదాకా పాత జవాబే వచ్చింది. మింగేసి, "చాలా భయమేసిందే," అన్నాను.

"నాకూ," అని నవ్వి, తన చెప్పులు నా చేతిలో పెట్టి మళ్ళీ మెట్ల వైపు పరిగెత్తింది.