ఏడెన్ మాటల కోసం ఎమ్మిగనూరుకు

గుత్తి స్టేషనులో పాసింజరు బండి పొద్దున ఆరుంబావుకు. నేను అయిదింటికే వెళ్ళి బల్లమీద కూర్చున్నాను. ప్రయాణమంటే గంట ముందు చేరడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు, ఇంట్లో అందరూ నవ్వుతారు కూడా. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

గుత్తిలో నాది దర్జీపని. మా వీధిలోనే కొత్తగా మూడు మిషన్లు వచ్చాక నా మిషను వారంలో నాలుగు రోజులు గుడ్డ కప్పుకుని కూర్చుంటోంది. ఇద్దరు పిల్లలు. ఆ స్థితిలో అరబ్బు దేశాన ఏడెన్ రేవులోని ఒక బట్టల కొట్టుకు దర్జీ కావాలని తెలిసి, నేను కుట్టిన చొక్కా ఒకటి బొంబాయిలో ఉండే ఆ కొట్టు గుమాస్తాకు పంపించాను. కుట్టు నచ్చింది, మనిషి వచ్చి గుమాస్తాకు కనబడాలి అని ఉత్తరం వచ్చింది. దాని కిందనే ఇంకో షరతు రాశారు. కొట్టుకు వచ్చేది అరబ్బులూ ఇంగ్లీషు దొరలూ కాబట్టి, సూది దారం మొదలుకొని మగ్గం దాకా కుట్టుకూ నేతకూ సంబంధించిన మాటలు రెండు భాషల్లోనూ రావాలి. గుమాస్తా అడుగుతాడు. రాకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటాడు.

గడువు వారం రోజులు. థర్డ్ ఫారం దాకా చదివిన పుణ్యాన కాలరు, బటను, టేపు తెలుసు. అక్కడితో నా ఇంగ్లీషు సరి. అరబ్బీలో ఒక్క ముక్క రాదు. ఏడెన్‌లో ఇరవై ఏళ్ళు దర్జీగా ఉండి వచ్చిన హుసేన్ సాహెబు ఆదోనిలో ఉన్నాడని ఎవరో చెప్పారు. ఆ ఒక్క పేరు పట్టుకుని, బొంబాయికని కుట్టుకున్న కొత్త పాప్లిన్ చొక్కా వేసుకుని బయలుదేరాను. పెద్ద దర్జీ దగ్గరికి పోతూ పాత చొక్కాతో పోవడానికి నాకు మనసొప్పలేదు.

బండి అరగంట ఆలస్యంగా వచ్చింది. మూడో తరగతిలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదుట ఆదోనికి పోయే దూది వ్యాపారి ఒకాయన, ఆయన పక్కన మూట ఒళ్ళో పెట్టుకుని ఒక నడివయసు ఆడమనిషి. ఆమెది కోసిగి. మద్రాసు పక్క కట్టడాల పనికి పోయి ఏడాదికి తిరిగి వస్తోంది. గుంతకల్లులో బండి నలభై నిమిషాలు నిలబడితే, ఆ పొద్దు పోవడానికి నా గోడు మొత్తం వాళ్ళకు చెప్పుకున్నాను.

వ్యాపారి సానుభూతిగా తల ఊపాడు. ఆమె మాత్రం, "ఆడ అంతా అరవమేనప్పా. తట్ట, పార, నీళ్ళు, ఈ మూడు మాటలు నేర్సుకుంటి. ఏడాది గడిసిపోయ" అంది.

నాకు కనీసం నలభై కావాలి. ఆమె అదృష్టానికి కాస్త కుళ్ళుకున్నానని ఒప్పుకుంటున్నాను.

ఆదోని చేరేసరికి పది కావస్తోంది. మొదటిసారి దిగేవాళ్ళకు ఒక మాట: స్టేషను బయట మొదటి జట్కావాడు అడిగిన దానికి ఒప్పుకోవద్దు, నాలుగడుగులు నడిస్తే మూడో బండివాడు సగానికి వస్తాడు. దారి పొడుగునా దూది మిల్లులు, బేళ్ళు ఎత్తిన బండ్లు. గాలిలో తేలే దూది నా కొత్త చొక్కా మీద వాలుతుంటే దులుపుకోవడమే సరిపోయింది. మసీదు దగ్గరి హోటల్లో ఉగ్గాని, బజ్జీ తిని, టీ తాగి దర్జీల సందులోకి వెళ్ళాను.

హుసేన్ సాహెబు అక్కడ లేడు. మిషను ముందు కూర్చున్నది ఆయన తమ్ముడి కొడుకు, నా ఈడువాడే. పెద్దాయనకు కళ్ళు సరిగా ఆనక సూది వదిలి నాలుగేళ్ళయిందట. ఎమ్మిగనూరులో పాత స్నేహితుడైన ఒక నేతగాడి ఇంట్లో పది రోజులుగా ఉన్నాడట. నేను వచ్చిన పని విని అతను కత్తెర కింద పెట్టాడు.

"నువ్వు పోతే పో అన్నా, వద్దనను. మా పెదనాయన నోట ఏడెన్ మాట ఒగటి కూడా మేము ఇనలేదు. ఈ సందులో అందరూ ఆయన ఏడెన్ సూడనే లేదు, బొంబాయిలో ఉండి వచ్చినాడని ఎగతాళి సేస్తారు" అన్నాడు.

అయినా ఇంత దూరం వచ్చి వెనక్కి పోవడమెందుకని బస్‌స్టాండుకు నడిచాను.

ఒంటిగంటకు పోవలసిన బస్సు ఒకటిన్నరకు కదిలింది. పైన నూలు మూటలు, లోపల మేము. రెండు పక్కలా నల్లరేగడి చేలు, ఎండ. ఎమ్మిగనూరులో దిగేసరికి మూడు దాటింది. నేతగాళ్ళ వీధికి దారి అడగనక్కర లేదు, మగ్గాల చప్పుడు వెంట నడిస్తే చాలు. నాలుగో ఇంటి అరుగు మీద తెల్లగడ్డం ముసలాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

నేను వచ్చిన సంగతి విని ఆయన ముఖం వెలిగిపోయింది. కూర్చోబెట్టాడు, మంచినీళ్ళు తెప్పించాడు. నేను నోటుపుస్తకం తీసి పెన్సిలు చెక్కుకుని, సూదిని అరబ్బీలో ఏమంటారని అడిగాను. ఆయన నోరు తెరిచి, మూశాడు. దారాన్ని అడిగాను. కత్తెరను అడిగాను. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు వెదికాడు. పెదవులు కదిలాయిగాని మాట రాలేదు. ఇంగ్లీషూ అంతే.

"నాలిక మీదనే ఉండాది నాయనా. రాకుండా ఉండాది" అన్నాడు చివరికి, తల దించుకుని.

నాకు కోపం వచ్చింది. ముసలాయన మీద కోపం తెచ్చుకోవడం తప్పని తెలిసీ వచ్చింది. పైకి మాత్రం పరవాలేదన్నాను. ఆ పూట సత్రంలో రెండణాలు ఇచ్చి చాప తీసుకుని పడుకున్నాను. పొద్దున తొమ్మిది గంటల బస్సుకు తిరిగిపోదామని నిశ్చయించుకున్నాను. ఆదోని సందులోవాళ్ళు అన్నదే నిజమేమోనని కూడా అనుకున్నాను.

ఏడు గంటలకు, చెప్పకుండా పోతే బాగుండదని ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళాను. నేతగాడు నూలు కోసం సొసైటీకి పోయాడు. ఆయన భార్య నాగమ్మ మగ్గం ముందు కూర్చుని కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, అతుకుతోంది. నేత అయిపోయినా పాత పడుగు కొసల్ని మగ్గంలోనే ఉంచుతారు. కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును పాత పోగు కొసకు ఆనించి, బూడిద అద్దిన వేళ్ళతో పురిపెడతారు. అలా వెయ్యికి పైగా పోగులు. ఆమె వేళ్ళు ఆగడం లేదు. ఆగకుండానే సాహెబుతో మాట్లాడుతోంది.

"ఊరికే కూసుంటే దిగులే గదా సాయిబన్నా. ఆ నూలు సంచి పిగిలిపోయింది, కుట్టు" అంది.

కళ్ళు కనబడవని ఆయన గొణిగాడు. ఆమె వినిపించుకోలేదు. సూదిలో దారం ఎక్కించి ఇమ్మని నాతో అంది. ఎక్కించి ఇచ్చాను. ఆయన సంచి ఒళ్ళో వేసుకుని, ఎడమచేతి బొటనవేలితో అంచు తడుముకుంటూ కుట్టడం మొదలుపెట్టాడు. పది కుట్లు పడ్డాయి. నేను వంగి చూస్తున్నాను, ఎందుకంటే ఆ కుట్లు నావాటికంటే సమంగా ఉన్నాయి. సంచి చివరికి వచ్చాక ఆయన తల ఎత్తకుండా కుడిచెయ్యి నావైపు చాచాడు.

"మఖస్" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన చెయ్యి అలాగే ఉంది. "మఖస్. సిజర్స్" అన్నాడు విసుగ్గా, కొట్టులో పనివాణ్ణి అదిలించినట్టు.

నాగమ్మ వేళ్ళు మొదటిసారి ఆగాయి. నేను కత్తెర అందించాను. ఆయన దారం తెంపి, అప్పుడు గాని తను ఏమన్నదీ తెలుసుకోలేదు.

ఆత్రంగా నేను నోటుపుస్తకం తీసి దారాన్ని ఏమంటారని అడిగాను. మళ్ళీ నోరు మూతపడింది. నాగమ్మ నావైపు కసిరినట్టు చూసింది.

"అడగొద్దప్పా. ఆయప్ప చేతికి పని ఇయ్యి" అంది.

ఇంట్లో కుట్టవలసిన గుడ్డ ఇంకేమీ లేదు. ఆమె చీరలు నేసే మనిషి, కుట్టు బట్టలతో ఆమెకు పనేముంది? ఒక్క క్షణం ఆలోచించి నా చొక్కా విప్పాను. కాలరు ఊడదీశాను. చేతులు ఊడదీశాను. జేబు, గుండీలు, కింది మడత, ఏదీ వదల్లేదు. బొంబాయికని మూడు రోజులు కూర్చుని కుట్టిన చొక్కా అరగంటలో ముక్కలై ఆయన ఒళ్ళో పడింది. కొత్త మనిషి ఇంట్లో ఒంటిమీద చొక్కా లేకుండా కూర్చున్నాను.

ఆయన ముక్కల్ని ఒక్కొక్కటే తడిమి వరసలో పెట్టుకున్నాడు. పని సాగేకొద్దీ మాటలు వచ్చాయి. సూది ఇబ్రా, దారం ఖైత్, గుడ్డ ఖుమాష్, కాలరు యాఖా, చెయ్యి కుమ్, గుండీ జిర్. ప్రతిదానికీ వెంటనే ఇంగ్లీషు: నీడిల్, థ్రెడ్, క్లాత్, స్లీవ్. ఒక పక్క అరబ్బూ, ఒక పక్క దొరా నిలబడి ఉన్నట్టు ఇద్దరికీ జవాబు చెబుతూ కుట్టాడు. జేబు దగ్గరికి వచ్చి జేబ్ అంటే, ఇంతకాలం నాకు తెలియకుండానే ఒక అరబ్బీ మాట నా దగ్గర ఉన్నందుకు నవ్వుకున్నాను. నేను రాయలేదు. ఆయన అడిగినది అందిస్తూ, ఆ మాట నేనూ ఒకసారి అని, తరువాతి దానికి సిద్ధంగా ఉన్నాను.

చొక్కా పూర్తయ్యాక ఆయన లేచి, మగ్గం దగ్గరికి తడుముకుంటూ వెళ్ళి పడుగు మీద చెయ్యి ఆనించాడు. ఏడెన్‌లో ఆయన ఉన్న వీధి చివర మగ్గాలు ఉండేవట. సదా, వార్ప్ అన్నాడు. అడ్డపోగు పేక లుహ్మా, మగ్గం నౌల్, లూమ్. నాగమ్మ భుజం తట్టి, "నస్సాజా. నిన్ను ఆడ అట్లంటారు సెల్లే" అన్నాడు.

ఆమె ఆ మాటను రెండుసార్లు అని చూసుకుని, మళ్ళీ బూడిదలో వేళ్ళు అద్దుకుంది.

తొమ్మిది గంటల బస్సు ఎప్పుడో పోయింది. మధ్యాహ్నం నాగమ్మ పెట్టిన జొన్నరొట్టె, శనగకాయల పొడి తిని రెండు గంటల బస్సెక్కాము. ఎక్కాము అంటున్నాను, ఎందుకంటే సాహెబు కూడా వచ్చాడు. ఆదోనికి పోవాలని తానే అన్నాడు. దారి పొడుగునా బస్సులో నా చొక్కా అంచును వేళ్ళ మధ్య నలుపుతూనే ఉన్నాడు. బస్సు దిగి నేరుగా దర్జీల సందులోని కొట్లోకి వెళ్ళి, తమ్ముడి కొడుకు ఒళ్ళోంచి కుడుతున్న కమీజు లాక్కుని కూర్చున్నాడు. పావుగంటలో సందులో సగంమంది దర్జీలు ఆ అరుగు ముందు నిలబడి ఆయన నోట వచ్చే ఏడెన్ మాటలు వింటున్నారు. నేను వెనక నిలబడ్డాను. నాకు సిగ్గుగా ఉంది, నిన్న రాత్రి నేనూ వాళ్ళలాగే అనుకున్నాను కాబట్టి.

బండి అయిదున్నరకు. ఆయన స్టేషను దాకా వచ్చాడు. బండి వచ్చేలోగా అన్నీ ఒకసారి చెప్పమన్నాడు. చెప్పాను. ఇంగ్లీషులో ఏదీ తప్పలేదు. అరబ్బీలో ఇబ్రా దాకా వచ్చి ఆగిపోయాను. దారం రాలేదు. అన్నిటిలోకీ దారం. ఎంత వెదికినా దొరకలేదు.

ఆయన అందించలేదు. నా కుడిచెయ్యి తీసుకుని, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, సూది పట్టుకున్నట్టు చేసి ముందుకు నెట్టాడు. ఖైత్ అన్నాను. చెయ్యి వదిలేశాడు.

బండి వచ్చాక కిటికీ దగ్గరికి వచ్చి, "ఆడ కొట్లలో పెద్ద కిటికీ ఒగటి ఉంటాది. దానికి ఎదురుగా కూసోవద్దు నాయనా. ఎలుతురు ఎడమ పక్కనుంచి రానీ. నేను ఇరవై ఏండ్లు ఎదురుగా కూసున్నాను" అన్నాడు.

బండి కదిలింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. గుంతకల్లులో టీ తాగుతూ ఆ రెండు రోజులను తలచుకుంటే, నేను ఎవరికీ ఏమీ ఇవ్వకుండానే అందరి దగ్గరా తీసుకుని వస్తున్నానని తెలిసింది. నాగమ్మ తన పని చేసుకుంటూనే నాకు దారి చూపించింది. ఆ ముసలాయన పోయిన కళ్ళతో నా చొక్కా తిరిగి కుట్టాడు. ఈ దారిన పోయేవాళ్ళెవరైనా ఎమ్మిగనూరులో ఆ వీధికి వెళ్తే, నా దండాలు చెప్పండి.

బొంబాయిలో గుమాస్తా సూదిని అరబ్బీలో ఏమంటారని అడిగినప్పుడు నేను వెంటనే జవాబు చెప్పలేదు. ముందు ఒక సూదీ దారమూ, ఒక గుడ్డముక్కా ఇప్పించమన్నాను. ఆయన వింతగా చూసి ఇప్పించాడు. నేను కుట్టడం మొదలుపెట్టి, ఆయన అడిగినవన్నీ చెప్పాను.