ఉత్తుత్తి నడక

షుగర్ ఉందని మదనపల్లెలో డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు భయం కంటే ముందు సిగ్గు వేసింది. రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని, బయట బెంచీల మీద మా పుంగనూరు ముఖాలు ఏమైనా ఉన్నాయేమోనని తొంగి చూశాను. మా నాన్న కూలికి పోయి బతికినవాడు. పొద్దున సంగటి, రాత్రి సంగటి. మా ఇళ్ళల్లో షుగర్ అంటే కూర్చుని తినే షావుకార్ల జబ్బు. రాగిసంగటి తినేవాడికి షుగరెట్లా వస్తుందని పదిమందిలో వాదించిన నోరు నాది.

ఆ వాదనే డాక్టరమ్మ దగ్గరా చేశాను. ఆమె విసుక్కోలేదు.

"మీ ఇంట్లో ముద్ద ఎంతుంటాదో చేతుల్తో చూపించప్పా" అంది. చూపించాను. "అది దినమంతా చేన్లో గడ్డపార పట్టే మనిషి తినే ముద్ద. నువ్వు యాడ పని చేస్తాండావు?"

ఆఫీసులో, కుర్చీలో. ఆ మాట నేల చూస్తూ చెప్పాను. రాగులు మంచివేనట, కానీ అవీ కడుపులోకి పోయాక చక్కెరగానే మారతాయట. ఒళ్ళు వంచనివాడికి అది ఖర్చు కాక నెత్తుట్లోనే ఉండిపోతుందట. ముద్ద సగం చేసి ఆకుకూర, పప్పు ఎక్కువ వేసుకోమంది. మాత్రలు మానొద్దంది. రోజూ చెమట పట్టేదాకా నడవమని, అరికాళ్ళు చూసుకుంటూ ఉండమని మరీ మరీ చెప్పింది.

ముద్ద సగం చేయడం తేలికే, మన ఇంట్లో మన కంచంలోకి ఎవరూ తొంగి చూడరు. చిక్కంతా నడకతోనే వచ్చింది. మా వీధిలో పనిలేకుండా నడిచే మనిషి ఉండడు. బూట్లేసుకుని చేతులూపుకుంటూ పోతే అరుగు మీద కూర్చున్న ప్రతివాళ్ళూ "ఏమప్పా, షుగరా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న తప్పించుకోవడానికి పొద్దున్నే పాల క్యాను చేత పట్టుకుని బయల్దేరాను. ఊరి బయట ఆవులున్న వాళ్ళింట్లో పాలు చిక్కగా ఉంటాయని నలుగురికీ చెప్పాను. అప్పటికి మా ఇంటికి ప్యాకెట్ పాలు వస్తూనే ఉన్నాయి. నా భార్య ఆ క్యాను వైపొకసారి, నా వైపొకసారి చూసింది.

"సాల్లే నీ సిగ్గు" అని లోపలికి పోయింది.

మొదటి రోజు వీధి మలుపు తిరిగానో లేదో వెనక బండి ఆగింది. మా వీధి చివర సిమెంటు అంగడి నడిపే స్నేహితుడు.

"యాల నడస్తాండావప్పా, ఎక్కు" అన్నాడు.

మా వైపు తెలిసినవాడు నడిచిపోతుంటే బండి ఆపకపోవడం మర్యాద కాదు. ఆపి పిలిస్తే ఎక్కకపోవడం అంతకంటే తప్పు. వద్దంటే ఎందుకు వద్దని అడుగుతాడు. ఎక్కాను. మర్నాడూ ఎక్కాను. కాస్త పెందలాడే బయల్దేరి చూస్తే ఆరోజు అతనూ పెందలాడే వచ్చాడు. ఈ మనిషికి వేరే పనే లేదా అని లోలోపల తిట్టుకున్నాను కూడా. పైగా దారిలో టీకొట్టు. అక్కడ చక్కెర లేని టీ కావాలంటే కొట్టతను వీధంతా వినపడేలా "షుగర్‌లెస్ ఒకటీ" అని కేక పెడతాడు. స్నేహితుడి పక్కన నిలబడి ఆ కేక వినే ధైర్యం లేక తీపి టీయే తాగేవాణ్ణి. అతనూ తాగేవాడు. అట్లా షుగర్ తగ్గించుకోవడానికి ఇంట్లోంచి బయల్దేరి, బండెక్కి, తీపి టీ తాగి, పాలు పట్టుకుని ఇంటికి చేరేవాణ్ణి. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మళ్ళీ మదనపల్లెకు పోయి పరీక్ష చేయించుకుంటే షుగర్ ఇంకా పెరిగింది.

"నడుస్తాండావా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నడస్తాండాను మేడమ్."

ఆమె నమ్మి మాత్ర పెంచింది. ఇట్లాగే ఉంటే ఇన్సులిన్ తప్పదంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు బండి రాలేదు. ఏ ఊరికో పోయుంటాడులే అనుకుని నేను హాయిగా నడిచాను. అతను కుప్పంలో ఆసుపత్రిలో ఉన్నాడని ఆలస్యంగా తెలిసింది. పండ్లు కొనుక్కుని, పలమనేరు, వి.కోట మీదుగా బస్సులో వెళ్ళాను. కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. కుడికాలికి కట్టు. బొటనవేలు తీసేశారు.

"షుగరన్నా ఈయనకు, శానా దినాలుగా ఉండాది. ఎవురికీ చెప్పనీలేదు" అంది అతని భార్య. చెప్పులో గులకరాయి ఇరుక్కుంటే కాలికి స్పర్శ లేక దినమంతా అట్లాగే తిరిగాడట. అది పుండై, చీము పట్టేదాకా ఇంట్లో కూడా చెప్పలేదట. "నడిచి రాయ్యా అని తోలితే బండేసుకుని పోయేవాడు. నీ మాదిరిగా పొద్దున్నే నడిచుంటే ఈ గతి పట్టునా? నువ్వన్నా నడవమని చెప్పుండకూడదా అన్నా?"

నా మాదిరిగా అన్న మాటకి తల ఎత్తలేకపోయాను.

"నాకూ ఉండాదమ్మా షుగరు" అన్నాను. భార్యకు తప్ప ఇంకొకరికి ఆ మాట చెప్పడం అదే మొదలు.

అతను కళ్ళు తెరిచాడు. "ఎప్పట్నించి?"

"నీ బండి ఎక్కకముందు నుంచే."

మోచేతి మీద కాస్త పైకి లేచాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నన్నూ నడవమనే చెప్పినారప్పా. ఒక్కణ్ణే నడస్తా పోతే జనం యాలని అడుగుతారని బండి తీసినా. నువ్వు కనపడితే నిన్ను ఎక్కించుకునేదే నాకు పనైపోయింది. నీ ముందర చక్కెర లేని టీ అడగల్యాక తీపిదే తాగినా."

నేను కట్టు వైపు చూడలేక కిటికీ వైపు తిరిగాను.

"చెప్పుంటే ఇద్దరం నడుచుకుంటా పోయేవాళ్ళం గదప్పా" అన్నాడు.

అతని గొంతులో కోపం లేదు. కోపమైనా ఉండుంటే ఆ మంచం పక్కన ఇంకాసేపు నిలబడగలిగేవాణ్ణి.