సాసు, ఉప్పు, మా మేరీ

పొద్దున్న చేసిన పనికి ఇంకా సిగ్గుగానే ఉంది. మా మేరీ ప్రోగ్రెస్ కార్డులో టీచరమ్మ ఇంగ్లీషులో 'సాసీ' అని రాసింది. సాసంటే రుచే కదా, పిల్ల చురుకని మెచ్చుకుందనుకుని సంతకం పక్కన 'థాంక్స్' అని కూడా రాసి పంపాను.

కలకత్తా పక్కన లిలువా రైల్వే వర్క్‌షాపులో పని నాది. అక్కడ ఆ ముక్క మా బెంగాలీ గుమాస్తా దాదాకి గొప్పగా చెప్పాను. ఆయన డిక్షనరీ తీశాడు. అది పొగడ్త కాదట, పొగరుబోతని తిట్టట. సాసులోంచే పుట్టిందట. ఆ సాసేమో లాటిన్‌లో ఉప్పు అనే మాటలోంచి వచ్చిందట.

ఇంటికొచ్చి కేకలేశాను. "టీచర్ని ఏటన్నావే?"

"రోజూ నన్ను మద్రాసీ అని పిలుస్తాది నాన్నా. నా పేరు మేరీ అన్నాను, అంతే. రేపు నీ సంతకంతో క్షమాపణ చీటీ తెమ్మన్నాది."

ఉప్పూ కారం తినే పిల్లకి ఆమాత్రం రోషం ఉండదా?

చీటీ ముందర పెట్టుకుని కూర్చున్నాను. ఆంధ్ర రాష్ట్రం వచ్చి పదేళ్లు దాటినా, వర్క్‌షాపులో 'ఏయ్ మద్రాసీ' అని కేకేస్తే ఇవాళ్టికీ పలుకుతున్నవాణ్ణి. మీరే చెప్పండి, దీని మీద ఏ పేరుతో సంతకం పెట్టను?