చంద్రుడి మీద నేను చూపించిన గుంట

మహదేవపురలో మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన కూడిక ముగియగానే అందరినీ మేడ మీదికి పిలిచాను. వెబ్‌క్యామ్‌ను చిన్న టెలిస్కోపుకు బిగించి, ల్యాప్‌టాప్‌లో చంద్రుణ్ణి చూపించడం అప్పుడే నేర్చుకున్నాను. తెర మీద చంద్రుడి నడుమ గుండ్రంగా ఉన్న మరకను చూపి, "ఇదే అన్నిటికంటే పెద్ద గుంట" అని గొప్పగా చెప్పాను.

పాస్టరుగారు కళ్లు మూసుకుని, అంత గుంటను చేసిన దేవుణ్ణి స్తుతించారు. అందరూ స్తోత్రం అన్నారు.

కళ్లు తెరిచేసరికి చంద్రుడు జరిగి తెర దాటిపోయాడు. ఇంకా వెలుగున్న ఖాళీ ఆకాశంలో గుంట ఒక్కటే నిలిచి ఉంది.

పక్కింటి సుశీలమ్మగారు మెల్లగా అడిగారు: "చంద్రుడు పోయినాడు కదప్పా, గుంట ఈడే ఉండాదే?"

అది కెమెరాలో పడిన దుమ్ము. నేను గబుక్కున ల్యాప్‌టాప్ మూసేశాను.

ఇప్పటికీ కూడికలో స్తోత్రం అనాల్సి వచ్చినప్పుడు నా గొంతు అందరికంటే చిన్నగా వినిపిస్తుంది.